ఆ ఫొటోలో ఆడపిల్లలేరీ?

సంక్రాంతి సెలవులొచ్చాయంటే చాలు, హైస్కూలు గేట్లకు ఫ్లెక్సీలు వెలుస్తున్నాయి. 'పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం' అని పెద్ద అక్షరాలు, కింద ఫలానా సంవత్సరం పదో తరగతి బ్యాచ్ అని. మా రోలుగుంట వైపైనా, నర్సీపట్నం, చోడవరమైనా ఇదే ముచ్చట. ఉద్యోగాల కోసం విశాఖపట్నం, హైదరాబాదు వెళ్లినవాళ్లంతా దిగుతారు. మాస్టార్లకు శాలువాలు కప్పుతారు. అప్పటి బెత్తం దెబ్బలు తలుచుకుని పడీపడీ నవ్వుకుంటారు. బడికి ఓ బీరువానో, నాలుగు ఫ్యాన్లో ఇచ్చి గ్రూపు ఫొటో దిగుతారు. మంచి పనే. కాదనను.

కానీ ఆ ఫొటోని ఒక్కసారి పరీక్షగా చూడండి. పాతిక ముప్ఫై మంది మగవాళ్లుంటే, ఓ పక్కగా నలుగురైదుగురు ఆడవాళ్లు. అదే బడిలో, అదే క్లాసులో ఇంచుమించు సగం మందిమి ఉండేవాళ్లం కదా! మిగతావాళ్లంతా ఏమైనట్టు?

"కబురంపాం, వాళ్లే రాలేదు" అంటారు మగపిల్లలు. (నలభై ఏళ్లొస్తున్నా క్లాసువాళ్లు మనకి మగపిల్లలే మరి!) కబురు ఎక్కడికి పంపారని? మగపిల్లాడు ఏ దేశం వెళ్లినా ఇంటిపేరు మారదు. ఊళ్లో వాళ్లమ్మనడిగితే ఫోన్ నంబరు దొరుకుతుంది. ఆడపిల్లకి పెళ్లితో ఇంటిపేరూ మారుతుంది, ఊరూ మారుతుంది. పుట్టింట్లో పెద్దవాళ్లు పోతే ఆమె ఎక్కడుందో చెప్పే దిక్కుండదు. 2022లో మా రోలుగుంట విశాఖ జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి వెళ్తే ఆ సంగతి ప్రభుత్వం కాగితాల్లో రాసుకుంది. ఆడపిల్ల చిరునామా మారితే ఎవరు రాసుకుంటారు?

కబురందినా అన్నీ అడ్డంకులే. "రావాలనే ఉందే... మా ఇంట్లో ఏటనుకుంటారో" అన్నమాట చాలామంది నోట విన్నాను. భర్త తన బ్యాచ్ వాళ్లతో రెండ్రోజులు గడిపొస్తే 'స్నేహమంటే అదీ!' అంటాం. భార్య ఒక్క పూట వెళ్లొస్తానంటే "మగాళ్లు కూడా వస్తారా?" అన్నది మొదటి ప్రశ్న. వంటెవరు చేస్తారన్నది రెండోది. 2020లో వచ్చిన 'జాను' సినిమా చూసి మరీ భయపడ్డారేమో! సినిమాకి ప్రేమకథ కావాలి. మనకి కావలసింది పక్క బెంచీలో కూర్చుని అన్నం డబ్బా పంచుకున్న నేస్తం.

ఇవన్నీ దాటినా ఇంకొకటుంది. "ఇప్పుడేం చేస్తున్నావు?" అని అడుగుతారన్న బెరుకు. క్లాసులో ముందుండి, పదితోనే చదువాగిపోయిన అమ్మాయికి ఆ మాట ముల్లులా గుచ్చుకుంటుంది. ఇంటరు చదవాలంటే పల్లె నుంచి బస్సెక్కాలి. 'ఆడపిల్ల రోజూ అంత దూరమా?' అన్న ఒక్కమాటతో ఎందరి పుస్తకాలు అటకెక్కాయో! అదే బస్సు మగపిల్లాడికి మాత్రం దూరం కాలేదు.

పోనీ, చదువు రాక ఆగారా? మన రాష్ట్రంలో 2025 పదో తరగతి పరీక్షల్లో అమ్మాయిలు 84.09 శాతం పాసైతే అబ్బాయిలు 78.31 శాతం. అంతకు ముందు ఏడాదీ అమ్మాయిలదే పైచేయి. ఇంకో లెక్క కూడా వినండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి 18 నిండకుండానే పెళ్లయింది. అంటే పదిమందిలో దాదాపు ముగ్గురికి! ఆడపిల్ల పెళ్లికి 18 నిండాలని చట్టం చెప్పింది 1978లో. పదో తరగతి వీడ్కోలు సభ మగపిల్లలకి మధ్యలో వచ్చే మజిలీ అయితే, మనవాళ్లలో ఎందరికో అదే చివరి స్టేజీ.

కాబట్టి సమ్మేళనాలు పెట్టే అన్నయ్యలూ, తమ్ముళ్లూ, ఓ మాట. మీ కమిటీలో ఇద్దరు ఆడవాళ్లని వేసుకోండి. ఆడవాళ్లకి ఆడవాళ్లే ఫోన్ చేస్తే ఇంట్లోవాళ్లకీ ధైర్యంగా ఉంటుంది. పగటిపూటే ముగించండి, కుటుంబాలతో రమ్మనండి. వేదికెక్కించి ఉద్యోగాలు చెప్పించే తతంగం మానేయండి. శాలువాల ఖర్చులో కొంత మిగిల్చి, ఈ ఏడు పది పాసై ఇంటరుకి వెళ్లలేని ఒక్క అమ్మాయికి ఫీజు కట్టండి, బస్సు పాసు తీయించండి. గురువులకి అంతకు మించిన సన్మానం ఉంటుందా?

ఆగిపోయిన నేస్తాలకీ దారి మూసుకుపోలేదు. 1991లో మొదలైన సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పదీ, ఇంటరూ ఇంటిదగ్గరుండే చదివి పరీక్ష రాయొచ్చు. ఇంత వయసు దాటితే కుదరదన్న నిబంధన లేదు. 'ఈ వయసులో చదువేమిటి' అని నవ్వేవాళ్లు ఎలాగూ ఉంటారు. నవ్వనివ్వండి!

మగవాళ్లు పిలిచేదాకా మనం కూర్చోవడం మాత్రం ఎందుకు? ఈ ఆదివారం వంట ముగించాక, మీ క్లాసులోంచి కనబడకుండా పోయిన ఒక్క పేరు గుర్తు తెచ్చుకోండి. వాళ్ల పుట్టింటి ఊరివాళ్లని అడిగి నంబరు సంపాదించండి. ఏం చేస్తున్నావని అడక్కండి. "ఎలా ఉన్నావే?" అనండి. అవతలి గొంతులో మీ పదో తరగతి మీకు వినపడుతుంది.