సీలియాక్ వ్యాధి: కల్లూరు తల్లిదండ్రులకు విజ్ఞప్తి

గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు కొందరు పిల్లలకు పడదు. అది కడుపులోకి వెళ్లినప్పుడల్లా శరీర రక్షణ వ్యవస్థ సొంత చిన్నపేగు మీదే దాడి చేస్తుంది. ఆహారసారాన్ని పీల్చుకునే చూషకాలు క్రమంగా అరిగి చదునవుతాయి. ఆ తర్వాత బిడ్డ ఎంత తిన్నా ఒంటికి పట్టదు. దీన్నే సీలియాక్ వ్యాధి అంటారు. ఇది అంటువ్యాధి కాదు, తల్లి పెంపకంలో లోపమూ కాదు. దీనికి బీజం అమ్మానాన్నల నుంచి వచ్చే జన్యువుల్లో ఉంటుంది.

వాటిలో ప్రధానమైనవి ఆరో క్రోమోజోమ్ మీద ఉంటాయి. హెచ్‌ఎల్‌ఏ అనే ఈ కుటుంబంలో డీక్యూ2, డీక్యూ8 అనే రెండు రకాలు ముఖ్యమైనవి. జబ్బు ఉన్నవారిలో దాదాపు అందరికీ వీటిలో ఏదో ఒకటి ఉంటుంది, ఎక్కువ మందికి ఉండేది డీక్యూ2. గ్లూటెన్ పూర్తిగా అరగదు. మిగిలిన తునకలను పేగులోని ట్రాన్స్‌గ్లుటమినేజ్ అనే ఎంజైమ్ కొద్దిగా మారుస్తుంది. అలా మారిన తునకలు డీక్యూ2, డీక్యూ8 మాంసకృత్తుల్లో గట్టిగా ఇమిడిపోతాయి. వాటిని చూసిన టీ కణాలనే రక్షణ కణాలు శత్రువు వచ్చిందనుకుని వాపు పుట్టిస్తాయి. హెచ్‌ఎల్‌ఏ కాక, స్వల్ప ప్రభావం చూపే జన్యు స్థానాలు ఇంకా పదుల సంఖ్యలో ఉన్నాయి.

అయితే జన్యువు ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. ఈ సంగతి తెలియక భయపడే కుటుంబాలున్నాయి కనుక ఇక్కడ కొంత వివరంగా చెప్పాలి. హర్యానా, అస్సాం, తమిళనాడులోని వేలూరు ప్రాంతాల్లో 23 వేల మందికి పైగా పెద్దలను పరీక్షించిన అధ్యయనం 2016లో వెలువడింది. డీక్యూ2 లేదా డీక్యూ8 ఉన్నవారు ఉత్తరాన నూటికి 38 మంది, వేలూరు వైపు 36 మంది. తేడా లేనట్టే. జబ్బు మాత్రం ఉత్తరాన వెయ్యికి ఎనిమిది మందికి పైగా ఉంటే, వేలూరు వైపు పదివేలకు ఒకరికి అటూఇటూగా కనిపించింది. రోజువారీ గోధుమ వాడకం ఉత్తరాన సగటున 455 గ్రాములు, దక్షిణాన 25 గ్రాములు. అంటే దక్షిణాది వారి ఒంట్లో జన్యువు లేక కాదు, కంచంలో గోధుమ తక్కువ కావడం వల్ల జబ్బు ఇంత అరుదుగా ఉండవచ్చని ఈ లెక్కలు సూచిస్తున్నాయి.

కర్నూలు నగరాన్ని ఆనుకుని ఉన్న కల్లూరుకూ ఈ మాట వర్తిస్తుంది. జొన్నరొట్టె, కొర్రన్నం, రాగిసంగటి, ఉగ్గాని ఈ నేల తిండి. వీటిలో దేనిలోనూ గ్లూటెన్ లేదు. ఇప్పుడు ఆ తిండి మారుతోంది. షుగరు ఉన్న పెద్దల కోసం రాత్రిపూట చపాతీ చేసే ఇళ్లలో పిల్లలూ అదే తింటున్నారు. బడి డబ్బాలో బిస్కెట్లు, నూడుల్స్, పొద్దున్నే రవ్వ ఉప్మా, పూరీ, సేమియా. అంగన్‌వాడీలో పసివారికి ఇచ్చే బాలామృతంలోనూ గోధుమ ఉంది. బాలామృతం మంచి ఆహారమే, జబ్బు నిర్ధారణ కాని బిడ్డకు దాన్ని ఆపవలసిన పని లేదు. గ్లూటెన్‌ను ఆలస్యంగా మొదలుపెడితే జబ్బు రాకుండా పోతుందన్న ఆశ కూడా 2014లో వెలువడిన రెండు యూరప్ అధ్యయనాల్లో నిలబడలేదు.

ముప్పు అందరికీ ఒకేలా ఉండదు. డీక్యూ2 తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వచ్చిన పిల్లల్లో అది చాలా ఎక్కువ. అమెరికా, ఫిన్లాండ్, జర్మనీ, స్వీడన్ పిల్లలను పుట్టినప్పటి నుంచీ గమనించిన అధ్యయనంలో అలాంటి వారిలో నూటికి 11 మందికి ఐదేళ్లలోపే జబ్బు బయటపడింది. ఒక వైపు నుంచే వచ్చినవారిలో అది నూటికి ముగ్గురు. మేనరికాలు, అక్క కూతురిని చేసుకునే పెళ్లిళ్లు రాయలసీమలో ఇంకా తక్కువేమీ కాదు. వంశంలో ఈ జన్యువు ఉంటే, అలాంటి దంపతుల బిడ్డకు అది రెండు వైపుల నుంచీ చేరే అవకాశం పెరుగుతుంది. జబ్బు ఉన్న బిడ్డ తోబుట్టువుల్లో నూటికి ఎనిమిది తొమ్మిది మందికి అదే జబ్బు కనిపిస్తుంది. టైప్ 1 మధుమేహం, థైరాయిడ్ స్వయంరోగనిరోధక వ్యాధి, డౌన్ సిండ్రోమ్, టర్నర్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకూ ముప్పు ఎక్కువే.

కాబట్టి కల్లూరు మండలంలోని తల్లిదండ్రులకు, ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలకు విజ్ఞప్తి: వారాల తరబడి తగ్గని విరేచనాలు, ఉబ్బిన పొట్ట, సన్నబడిన కాళ్లూ చేతులూ, ఎదగని బిడ్డ, ఐరన్ టానిక్ ఎంత తాగించినా పెరగని రక్తం కనిపిస్తే నులిపురుగుల మందుతోనో, దిష్టి తీయడంతోనో సరిపెట్టవద్దు. కొందరు పిల్లల్లో విరేచనాలు అసలే ఉండవు, పొడవు పెరగకపోవడం ఒక్కటే కనిపిస్తుంది. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో గానీ మరోచోట గానీ పిల్లల వైద్యుణ్ని సంప్రదించి, ట్రాన్స్‌గ్లుటమినేజ్ మీద శరీరం తయారుచేసే ఐజీఏ రకం యాంటీబాడీలను చూసే టీటీజీ ఐజీఏ రక్తపరీక్ష అవసరమా అని అడగాలి. దానితో పాటు మొత్తం ఐజీఏ కూడా చూడాలి, అది తక్కువగా ఉన్న పిల్లల్లో మొదటి పరీక్ష జబ్బును పట్టుకోలేదు. అన్నిటికంటే ముఖ్యం, పరీక్షకు ముందు గోధుమ మాన్పించకూడదు. మాన్పిస్తే రక్తంలోని గుర్తులు తగ్గిపోయి ఫలితం తారుమారవుతుంది. అవసరమైతే ఎండోస్కోపీతో పేగు ముక్క తీసి చూస్తారు.

జన్యుపరీక్ష అందరికీ అక్కర్లేదు. డీక్యూ2, డీక్యూ8 రెండూ లేవని తేలితే జబ్బు దాదాపు లేనట్టే, ఇక పదే పదే పరీక్షలు చేయించనక్కర్లేదు. ఉన్నాయని తేలితే మాత్రం అది జాగ్రత్తగా గమనించమన్న సూచనే గానీ నిర్ధారణ కాదు. ఇంట్లో ఒకరికి జబ్బు తేలితే తోబుట్టువులకూ తల్లిదండ్రులకూ రక్తపరీక్ష చేయించాలి. ఈసారి లేదని వచ్చినా కొన్నేళ్ల తర్వాత బయటపడవచ్చు కనుక పిల్లలకు వైద్యుడు చెప్పిన వ్యవధిలో మళ్లీ చేయించాలి.

నిర్ధారణ అయిన బిడ్డకు మందు జీవితాంతం గ్లూటెన్ లేని తిండే. వరి, జొన్న, సజ్జ, రాగి, కొర్ర, పప్పులు, పాలు, గుడ్లు నిశ్చింతగా పెట్టవచ్చు. గోధుమ ఆడిన పిండిమరలోనే జొన్నలు ఆడిస్తే ఆ పిండిలో గోధుమ కలుస్తుంది, అందుకే విడిగా ఆడించుకోవాలి. బొంబాయిరవ్వ, మైదా కూడా గోధుమతో చేసినవే. అంగట్లో దొరికే ఇంగువలో తరచూ గోధుమపిండి కలుపుతారు, డబ్బా మీద చదివి కొనాలి. అంగన్‌వాడీలో ఆ బిడ్డకు బాలామృతం మాని, గుడ్డు, పాలు యథావిధిగా ఇవ్వాలని కార్యకర్తకు వైద్యుడి చీటీ చూపించి చెప్పాలి. బడిలో చేరేటప్పుడు మధ్యాహ్న భోజనం వండేవారికీ ఇదే విషయం తెలియజేయాలి.