ఇంటిలోని ఔషధ మొక్కకు ఏ దీపము మేలు?

నగరాలలో నివసించే గృహస్థులకు పెరడు అనే మాట క్రమంగా దూరమైపోయినది. రెండు పడకగదుల ఫ్లాటు, ఎదుట మరొక భవనపు గోడ, కిటికీ చువ్వల నడుమ నుండి కొద్దిసేపు మాత్రమే తొంగిచూచే ఎండ – నేటి మధ్యతరగతి కుటుంబాలలో అనేకుల స్థితి ఇదే. అయినప్పటికీ దగ్గు వచ్చినపుడు వామాకు, అజీర్తి చేసినపుడు పుదీనా, పిల్లల కోసం సరస్వతి ఆకు చేతికందే దూరంలో ఉండవలెనన్న కోరిక మన గృహిణులలో ఏమాత్రమూ తగ్గలేదు. ఇది ఎంతయో సంతోషింపదగిన విషయము.

అయితే ఈ కోరికను ఆసరాగా చేసుకొని బజారులో ఒక కొత్త సరుకు ప్రవేశించినది. మొక్కలు పెంచే దీపాలన్న పేరుతో గులాబీ, ఊదా రంగులలో వెలిగే ఎల్.ఇ.డి. పట్టీలు చవక ధరలకు అమ్ముడవుతున్నవి. మరికొందరు ఆ ఖర్చు కూడ ఎందుకని, అటక మీద ఉన్న పాత ట్యూబ్‌లైటును దించి మొక్కల పైన బిగిస్తున్నారు. ఈ రెండింటిలో ఏది మేలు అన్న ప్రశ్నకు నా అభిప్రాయమును ముందుగానే మనవి చేస్తాను. చవక రకపు రంగు పట్టీని కొనవద్దు. పాత ట్యూబ్‌లైటు ఇంటిలో ఉన్నచో అది పనిచేసినంత కాలం వాడుకొనవచ్చును. కొత్తగా కొనదలచినవారు గదులలో వాడే సాధారణమైన తెల్లని ఎల్.ఇ.డి. ట్యూబ్‌లైటునే కొనుట ఉత్తమము. తులసి వంటి మొక్కలను మాత్రం వీటిలో దేనికీ అప్పగించక, ఎండకే అప్పగించవలెను. ఇందుకు గల కారణాలను వరుసగా పరిశీలించెదము గాక.

వెలుతురే మొక్కకు ఆహారము

మన కన్ను చీకటికీ వెలుతురుకూ చాల త్వరగా సర్దుకొనును. అందుచేత హాలులో ఒక మూల కూడ మనకు వెలుతురుగానే కనిపించును. కాని కొలిచి చూచిన యెడల భేదము తెలియును. నడిమధ్యాహ్నపు ఎండ సుమారు 1,00,000 లక్సులు ఉండగా, ఆరుబయట చక్కని నీడలో 10,000 లక్సుల వరకు ఉండును. దీపము వెలిగించిన గదిలోనో, సాధారణంగా 100 నుండి 300 లక్సులు మాత్రమే ఉండును. మనకు చదువుకొనుటకు చాలిన ఆ వెలుతురు మొక్కకు ఉపవాసముతో సమానము. తనలో నిలువయున్న సారముతో అది కొన్ని వారాలు నెట్టుకొనివచ్చును. ఆ తరువాత కాడ సన్నగా సాగి, కణుపుల మధ్య దూరము పెరిగి, ఆకు చిన్నదై వెలవెలబోవును.

ఆయుర్వేదాభిమానులు ఇక్కడ మరొక సంగతి గమనించవలెను. మనకు కావలసినది ఆకు మాత్రమే కాదు, ఆ ఆకులోని రస గంధాలు. చరక సంహిత కల్పస్థానములో ఔషధులను సేకరించవలసిన భూమిని వర్ణించుచు, సకాలములో చలి, ఎండ, గాలి, నీరు లభించే చోటును ప్రశంసించినారు. నేటి పరిశీలనలు కూడ ఈ మాటకు దగ్గరగానే ఉన్నవి. మన తులసికి దగ్గరి చుట్టమైన బేసిల్ మొక్కను దట్టమైన నీడలో పెంచినపుడు ఆకులోని సుగంధ తైలము తగ్గినట్లు తేలినది. అనగా వెలుతురు చాలనిచో కుండీలో ఆకు మిగులును గాని, మనము ఆశించిన గుణము మిగలదు. కావున దీపము ఎంపిక అలంకారమునకు సంబంధించిన చిన్న విషయము కాదు.

పెట్టె మీది పేరు కాదు, వాట్ల లెక్క ముఖ్యము

పాత ట్యూబ్‌లైటులో పాదరసపు ఆవిరి నుండి పుట్టిన అతినీలలోహిత కిరణాలు, గాజు గొట్టము లోపలి పూతను తాకి తెల్లని కాంతిగా మారును. నాలుగడుగుల 36 వాట్ల గొట్టము సాధారణ రకమైనచో సుమారు 2,500 ల్యూమెన్లు, మేలు రకమైనచో 3,300 ల్యూమెన్ల వరకు కాంతినిచ్చును. ఇనుప చోకు ఉన్నయెడల అది మరొక 10 వాట్ల వరకు అదనంగా తీసుకొనును. పైగా ఈ గొట్టము అన్ని వైపులకూ వెలుతురును చిమ్మును కనుక, పైన తెల్లని రేకు లేనిచో సుమారు సగము కాంతి కప్పుకూ గోడలకూ పోవును. చివరలు నల్లబడిన గొట్టము వెలుగుచున్నట్లే కనిపించినా, దాని కాంతి తగ్గిపోయియుండును.

ఎల్.ఇ.డి. సంగతి వేరు. నీలి కాంతినిచ్చే ఎల్.ఇ.డి.ని కనుగొన్నందులకు అకసాకి, అమానో, నకమురా అను ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించినది. ఆ నీలి దీపము మీద పసుపు పూత వేసినచో తెల్లని వెలుతురు వచ్చును. నేడు దుకాణాలలో లభించే 20 వాట్ల ఎల్.ఇ.డి. ట్యూబ్‌లైటు సుమారు 2,000 ల్యూమెన్ల కాంతిని, అధికభాగము క్రిందివైపుకే ప్రసరింపజేయును. రేకు లేని పాత ట్యూబు మొక్కకు అందించే వెలుతురుకు ఇది ఏమాత్రమూ తీసిపోదు. కరెంటు మాత్రం సగముకన్న తక్కువ.

ఇక చవక పట్టీల విషయము. ఇవి సాధారణంగా 5 మీటర్ల చుట్టగా, 12 వోల్టుల అడాప్టరుతో వచ్చును. మీటరుకు 60 చిన్న దీపాలున్న రకము 4.8 వాట్లు తీసుకొనును. అనగా చుట్ట మొత్తము 24 వాట్లు. పెద్ద దీపాల రకమైనచో మీటరుకు 14.4 వాట్ల చొప్పున 72 వాట్లు. పెట్టె మీద ఎంత పెద్ద అంకె వేసినప్పటికీ, అడాప్టరు వెనుక ముద్రించిన వోల్టులను ఆంపియర్లతో గుణించి చూడగలరు. 12 వోల్టులు, 2 ఆంపియర్లు అనియున్నచో అది ఇవ్వగలిగినది 24 వాట్లు మాత్రమే. 72 వాట్ల పట్టీకి అటువంటి అడాప్టరును జతచేసినచో అది శక్తికి మించిన భారముతో కాగిపోవును. ఈ చిన్న గుణకారము తెలిసియున్నచో అనేక మోసాల నుండి తప్పించుకొనవచ్చును.

పట్టీలకు ఇతర లోపాలు కూడ కలవు. లోపలి రాగిపొర పలుచనిదగుట వలన చివరికి చేరేసరికి కాంతి మందగించును. వేడికి, తేమకు వెనుకనున్న జిగురు ఊడి, పట్టీ వ్రేలాడును. మొక్కకు నీరు చల్లునపుడు పై పూత లేని పట్టీ మీద తుంపరలు పడి చెడిపోవును.

రంగు సంగతి ఏమిటి?

ఆకు ఎరుపు, నీలి కాంతులనే తీసుకొనుననీ, ఆకుపచ్చ కాంతి దానికి నిరుపయోగమనీ, అందుకే గులాబీ దీపము శ్రేష్ఠమనీ అమ్మకందారులు చెప్పుదురు. ఇందులో సగమే సత్యము. ఆకులోని పత్రహరితము ఎరుపును, నీలిని అధికంగా గ్రహించు మాట నిజమే. కాని మెక్‌క్రీ అను శాస్త్రవేత్త అనేక రకాల పంట మొక్కల ఆకులను పరీక్షించి, ఆకుపచ్చ కాంతి కూడ ఆహార తయారీకి చక్కగా ఉపయోగపడునని 1972 నాటికే నిరూపించినారు. కావున తెల్లని వెలుతురు మొక్కకు సంపూర్ణాహారమే. పైగా గులాబీ కాంతిలో ఆకు పసుపుబారినదీ, పురుగు పట్టినదీ మన కంటికి కనిపించదు. రోగి ముఖమును రంగుటద్దములోనుండి చూచే వైద్యుని వంటిదే అప్పుడు మన పరిస్థితి.

పట్టీని సమర్థించువారి వాదనలో ఒక న్యాయము ఉన్నమాట ఒప్పుకొనవలెను. నాలుగడుగుల ట్యూబు పట్టని ఇరుకు అలమారులో పట్టీ ఇమిడిపోవును. తెల్లని రకమును ఎంచుకొని, అల్యూమినియము రేకు మీద దగ్గర దగ్గర వరుసలుగా అంటించి, సరియైన అడాప్టరు అమర్చినచో మెంతికూర, కొత్తిమీర చక్కగానే వచ్చును. అయితే రేకు, మంచి అడాప్టరు, ఎలక్ట్రీషియను కూలి కలుపుకొని చూచినచో చవక అన్న మాట నిలువదు.

పాత ట్యూబుకు సెలవు చెప్పవలసిన కారణము

ట్యూబ్‌లైటు వెలుతురులో ఇతర దేశాలవారు దశాబ్దాల తరబడి పూలమొక్కలను, నారును పెంచినారు. దాని సామర్థ్యము మీద నాకు సందేహము లేదు. భయమంతయు అందులోని పాదరసము గురించియే. అది కొద్ది మిల్లీగ్రాములే అయినను, తినే ఆకుల పైన గాజు గొట్టమును వ్రేలాడదీయునపుడు జాగ్రత్త తప్పదు. అది పగిలినచో వెంటనే కిటికీలు తెరచి, కొంతసేపు అందరూ గది విడిచి వెళ్ళవలెను. చీపురుతో ఊడ్వరాదు. గట్టి అట్టముక్కతో ముక్కలను ప్రోగుచేసి, తడిగుడ్డతో తుడిచి, అన్నిటినీ మూతగల డబ్బాలో భద్రపరచి, ప్రమాదకరమైన చెత్తగా విడిగా అప్పగించవలెను. క్రిందనున్న కుండీలోని ఆకును, పై మట్టిని నిస్సంకోచంగా పారవేయవలెను. వాటిని ఎరువు గుంటలో కలుపరాదు.

పాదరసమును అరికట్టుటకై ఏర్పడిన మినమాటా ఒప్పందములో మన దేశము 2018లో చేరినది. ఆ ఒప్పంద దేశాలు 2023 నవంబరులో జెనీవాలో సమావేశమై, ఈ గొట్టపు దీపాల తయారీని, ఎగుమతి దిగుమతులను 2027 నాటికి ముగించవలెనని నిర్ణయించినవి. కావున ఉన్నదానిని వాడుకొనుట పొదుపు కావచ్చును గాని, కొత్తది కొనుట వివేకము కాదు.

ఆచరణలో ఎట్లు?

నాలుగడుగుల పొడవు, అడుగు వెడల్పు గల అరకు 20 వాట్ల తెల్లని ఎల్.ఇ.డి. ట్యూబులు రెండు కావలెను. వాటిని మొక్కల చివరలకు 8 లేక 9 అంగుళాల ఎత్తులో ఉంచి, మొక్క పెరిగిన కొలది పైకి జరుపవలెను. చుట్టూ తెల్లని అట్ట పెట్టినచో కాంతి వృథా కాదు. ఈ అమరికలో ఆకుల మీద సుమారు 7,000 లక్సులు లభించును. రోజుకు 14 గంటలు వెలిగించి, రాత్రివేళ చీకటిలో విశ్రాంతినివ్వవలెను. స్విచ్చులు, వైర్లు నీరు తగులని ఎత్తులో ఉండవలెను.

నెలకు సుమారు 17 యూనిట్ల కరెంటు ఖర్చగును. యూనిటు 6 రూపాయల లెక్కన 100 రూపాయలు. ఇనుప చోకు గల రెండు పాత ట్యూబులైనచో ఇదే పనికి 39 యూనిట్ల వరకు కాలును.

ఇప్పుడు అసలు విషయము. ఈ రెండు దీపాలు 14 గంటలు శ్రమించి మొక్కకు పెట్టే ఆహారము, గంటసేపటి నడిమధ్యాహ్నపు ఎండ పెట్టే ఆహారమును మించదు. కావున దీపము కొనుటకు ముందు ఇంటిలో ఆ గంట ఎండ ఎక్కడ పడునో వెదకవలెను. మధ్యాహ్నవేళ మొక్క పెట్టదలచిన చోట తెల్లకాగితము ఉంచి, దాని పైన అడుగు ఎత్తులో అరచేయి చాపి చూడుడు. నీడ అంచులు స్పష్టంగా కనిపించినచో అక్కడ దీపము అవసరము లేదు. మసకగా ఉన్నచో పుదీనా, వామాకు, సరస్వతి ఆకు వంటివి ఒక మాదిరిగా బ్రతుకును. నీడయే పడనిచో దీపము తప్పనిసరి.

పుదీనా, కొత్తిమీర, మెంతికూర, వామాకు, సరస్వతి ఆకు దీపము క్రింద పెరుగును. కలబంద బ్రతికియుండును గాని, మట్ట బలియదు. తులసి, నిమ్మగడ్డి, అడ్డసరము, తిప్పతీగ మాత్రం ఎండ బిడ్డలు. వాటిని బాల్కనీలోనో, మేడ మీదనో ఉంచవలెను. అందుకు ఇరుగుపొరుగువారు అంగీకరించి మేడ మీద నాలుగు కుండీలకు చోటు కల్పించుకొన్నచో, ఏ పట్టీకీ ఏ గొట్టానికీ పెట్టే ఖర్చు ఉండదు. ఫ్లాట్ల సంఘపు సమావేశములో పార్కింగు గురించి జరిగే చర్చలో పదోవంతు కాలమును ఈ విషయమునకు కేటాయించిన చాలును.

ఎండ ఉన్నచోట ఎండను, లేనిచోట మాత్రమే తెల్లని ఎల్.ఇ.డి. ట్యూబును ఆశ్రయించుడు. రంగు వెలుగులను చూచి మోసపోక, అడాప్టరు వెనుకనున్న అంకెలను చూచి నిర్ణయించుకొనవలసినదిగా పాఠక మహాశయులకు నా మనవి.