నిందితుడు చచ్చాడు, కేసు ఏమైంది?

2015 ఏప్రిల్ 1 అర్ధరాత్రి సూర్యాపేట బస్టాండులో బస్సు తనిఖీ చేస్తున్న పోలీసులపై ఇద్దరు దుండగులు కాల్పులు జరిపారు. ఒక కానిస్టేబుల్, ఒక హోంగార్డు నేలకొరిగారు. ఏప్రిల్ 4న జానకీపురంలో ఆ ఇద్దరూ ఎదురుకాల్పుల్లో చనిపోయారు. మరో కానిస్టేబుల్ ప్రాణం అక్కడే పోయింది. గాయపడిన ఎస్సై సిద్ధయ్య 7వ తేదీన ఆసుపత్రిలో కన్నుమూశారు.

అదే రోజు ఇంకోటి జరిగింది. వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకెళ్తున్న వికారుద్దీన్ సహా ఐదుగురు విచారణ ఖైదీలు ఆలేరు దగ్గర పోలీసు వ్యానులోనే హతమయ్యారు. వికారుద్దీన్‌పై పోలీసులను చంపిన పాత కేసులున్న మాట నిజమే. కానీ సూర్యాపేటలో తూటాలు పేలిన రాత్రి వీళ్లంతా జైల్లోనే ఉన్నారు. తుపాకీ లాక్కోబోతే కాల్చక తప్పలేదన్నారు పోలీసులు. పత్రికల్లో వచ్చిన ఫొటోల్లో సీట్లలో ఒరిగిపోయిన శవాల చేతులకు బేడీలు కనిపించాయి. గొడవ ముదిరాక ప్రభుత్వం సిట్ వేసింది.

తోటివాడు పోతే స్టేషన్లో రక్తం మరుగుతుంది. మరగకపోతేనే వింత. అందుకే ఆ కేసు దర్యాప్తు వాళ్ల చేతిలో ఉండకూడదు. ఎన్‌కౌంటర్ జరిగితే సీఐడీయో వేరే స్టేషన్ బృందమో విచారించాలని, ఆ వెంటనే పదోన్నతులు, పతకాలు ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది. ఆలేరు ఘటన జరిగింది ఆ తీర్పు వచ్చిన ఏడాదిలోపే!

ఉత్తరప్రదేశ్‌లోని బిక్రూ గ్రామం సంగతి చూడండి. 2020 జూలై 3 తెల్లవారకముందే వికాస్ దూబే ముఠా ఎనిమిది మంది పోలీసులను చంపింది. దాడికి వస్తున్నారన్న కబురు అతనికి ముందే చేరింది. చేరవేశాడన్న ఆరోపణపై అరెస్టయింది ఆ స్టేషన్ అధికారే. మర్నాడు దూబే ఇంటిని బుల్డోజరు కూల్చేసింది. 10న దూబే కూడా పోలీసు తూటాలకు పోయాడు. జస్టిస్ చౌహాన్ కమిషన్ ఆ ఎన్‌కౌంటర్‌ను తప్పుపట్టలేదు గానీ, దూబేకు స్థానిక పోలీసులు, అధికారుల అండ ఉందని తేల్చింది. ఆ అండ ఎవరెవరిదో కోర్టు బోనులో చెప్పాల్సినవాడు అప్పటికే లేడు.

తెలుగువాళ్లు వేలల్లో ఉన్న డాలస్‌లో 2016 జూలై 7న ఓ నిరసన ప్రదర్శన దగ్గర ఐదుగురు పోలీసులు హతమయ్యారు. అక్కడా నిందితుణ్ణి ప్రాణాలతో పట్టుకోలేదు, రోబోతో పంపిన బాంబుతో చంపారు. అయితే జనం పోలీసు కార్లను పూలతో కప్పేశారు. పోలీసు చీఫ్ డేవిడ్ బ్రౌన్ నిరసనకారులనే ఉద్యోగాల్లో చేరమని పిలిచారు. దరఖాస్తులు అమాంతం పెరిగాయి.

మన పాలకులు ఇంత చేయకపోయినా ఫర్వాలేదు. రోజుకూలీ లెక్కన పనిచేసే హోంగార్డును రాత్రి తనిఖీకి పంపేటప్పుడు బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ ఇవ్వండి. పోలీసులపై దాడి జరిగితే ఆ కేసును సొంత జిల్లా నుంచి తప్పించి సీఐడీకి అప్పగించండి.