దర్శనం - దృశ్యం

గార్సియా ద ఓర్తా అనే పోర్చుగీసు వైద్యుడు 1563లో గోవాలో అచ్చువేయించిన ఓషధుల గ్రంథంలో, భంగును గురించి చెప్పే సందర్భాన, గుజరాతు సుల్తాను బహదూర్ షా మాట నొకదానిని నమోదు చేసినాడు. రాత్రివేళ పోర్చుగలుకో, బ్రెజిలుకో, తురుష్కదేశానికో, అరేబియాకో, పారశీకానికో పోవలెనని బుద్ధి పుట్టినప్పుడు తనకు కొంచెం భంగు చాలునని సుల్తాను మార్తిం అఫోన్సో ద సౌజా అనే పోర్చుగీసు నాయకునితో అన్నాడట. విన్నవాడు నిజంగా బ్రెజిలు చూచి వచ్చినవాడు. ఓడలతో ఆ తీరం వెంట తిరిగి, 1532లో అక్కడ సావో విసెంతె అనే వలస పట్టణాన్ని నెలకొల్పినవాడు. చెప్పినవాడు అట్టి ఓడల వల్లనే నష్టపడినవాడు. అతని రాజ్యంలోని సూరతు నగరాన్ని, తపతీనది ఆవలి ఒడ్డున ఉన్న రాందేరును 1530లో పోర్చుగీసువారు తగులబెట్టినారు. 1537లో దీవు దగ్గర సముద్రం మీద, వారితో జరిగిన ఘర్షణలోనే, అతని ప్రాణం పోయింది.

ఈ కథను నేటి దర్శకుని చేతికిస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. సుల్తాను గిన్నె ఎత్తుతాడు. అతని కనుపాప తెర నిండా పెరుగుతుంది. కనుపాప చక్రమవుతుంది, చక్రం పువ్వవుతుంది, పువ్వులోనుండి పాము బయలుదేరుతుంది. తరువాత అడవులు, చిలుకలు, జలపాతాలు, వాటి మీద ఇంద్రధనుస్సులోని ఏడు రంగులూ ఒకేసారి కుమ్మరింపబడతాయి. ప్రేక్షకుడు సుల్తానుతో బ్రెజిలు వెళ్ళి వచ్చినానని తృప్తిపడి ఇంటికి పోతాడు. కాని కథలో విలువైనదంతా ఆ రంగుల క్రింద పడి నశించి ఉంటుంది.

విలువైనది ఏమిటి? ఓడలు లేని రాజు, ఓడలు గలవాని దేశానికి నిద్రలో పోయి వస్తున్నాడు. ఆ సంగతిని ఆ ఓడల నాయకునికే చెబుతున్నాడు. అది పరిహాసమా, ప్రగల్భమా, నిస్సహాయుని ఒప్పుకోలా? ఎదుటివాడు నవ్వినాడా, తాను కళ్ళారా చూచిన బ్రెజిలును తలచుకొని మౌనం వహించినాడా? గ్రంథం ఈ ప్రశ్నలకు జవాబు చెప్పదు. చలనచిత్రం జవాబు చెప్పగలిగితే ఆ ఇద్దరి ముఖాల మీదనే చెప్పగలదు. సుల్తాను చూచిన బ్రెజిలు ఏ రంగుదో ఎవరికీ తెలియదు; తెలియవలసిన అవసరమూ లేదు.

ఓషధుల వల్ల కలిగే దర్శనాన్ని తెరమీద చూపబూనే చలనచిత్రాలన్నిటికీ ఈ ఆక్షేపణ వర్తిస్తుంది. దర్శనం ఒకానొక మనిషికి, ఒకానొక రాత్రి, ఒకానొక భయంతోనో ఆశతోనో కూర్చున్నవానికి కలిగేది. అతని జీవితం నుండి విడదీస్తే అది దర్శనం కాదు, దృశ్యం మాత్రమే. దృశ్యాన్ని చూపి దర్శనం చూపినానని చెప్పుకోవడం అసత్యం. ఆ అసత్యానికి కొందరు నిజంగా మూల్యం చెల్లించుకొంటున్నారు.

అసాధ్యమని తెలిసి ప్రయత్నించినవారు లేకపోలేదు. 1963లో ఫ్రాన్సులో ఎరిక్ దువివియే, సాండోజ్ అనే ఔషధ సంస్థ కోసం, మెస్కలిన్, హషీషు దర్శనాల మీద ఒక చిన్న చిత్రం తీసినాడు. మెస్కలిన్ మెక్సికోలోని పెయోటి అనే ముళ్ళులేని నాగజెముడు జాతి మొక్కలో ఉండే పదార్థం. దానిని స్వయంగా సేవించి, ఆ అనుభవం మీద గ్రంథాలు వ్రాసి, బొమ్మలు గీసిన ఆంరీ మిషో అనే కవి ఈ చిత్రానికి తోడ్పడినాడు. ఆ చిత్రారంభంలో అతడు చెప్పిన మాటల సారాంశం ఇది: ఈ పని అసాధ్యం, ఎంత సామగ్రి ఉన్నా ఈ బొమ్మలు చాలవు, అవి ఇంతకంటె ఎంతో వేగంగా, ఎంతో అస్థిరంగా ఉండవలసినవి. తన చిత్రం చాలదని ముందే చెప్పి చూపిన ఆ నిజాయితీ తరువాతి వారికి అబ్బలేదు. వారికి యంత్రాలు పెరిగినవి, సంకోచం తగ్గినది.

2004లో యాన్ కూనెన్ తీసిన 'బ్లూబెరీ' ఇందుకు మంచి ఉదాహరణ. ఒక ప్రసిద్ధ ఫ్రెంచి బొమ్మల కథను ఆధారం చేసుకొన్న ఈ చిత్రంలో కంప్యూటరు సృష్టించిన పాములు, పురుగులు, అల్లికలు చివర చాలాసేపు తెరను ఆక్రమిస్తాయి. దర్శకుడు పెరూ దేశపు షిపిబో వైద్యుల వద్ద అయహువాస్కా కషాయాన్ని సేవించి నేర్చుకొన్నవాడే; అతని శ్రద్ధను శంకించనక్కరలేదు. శ్రద్ధ గలవాని చేతిలోనే ఇట్లా జరిగిందంటే దోషం పద్ధతిలో ఉన్నదని గ్రహించవలెను. షిపిబోల ఆచారంలో ఆ కషాయాన్ని రాత్రి, చీకటిలో సేవిస్తారు. వైద్యుడు ఇకారోలనే పాటలు పాడుతాడు. పాట వెంట దర్శనం నడుస్తుంది. ఎదుట ఒక రోగి ఉంటాడు, అతనికొక వ్యాధి ఉంటుంది, బయట అతని ఇంటివారు ఉంటారు. తెరకెక్కేసరికి చీకటి పోయి వెలుతురు వచ్చింది, పాట నేపథ్య సంగీతమైంది, రోగి మాయమైనాడు. మిగిలినవి అల్లికలు.

అల్లికల సంగతి సూరతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. అచ్చు మిల్లులలో ఒక డిజైను గీస్తే అది కొద్ది జానల దూరంలో ముగిసి, మళ్ళీ మొదలై, వేల మీటర్ల పొడవున పునరావృత్తమవుతుంది. చీరకు అది దోషం కాదు. చీర అంతకుమించి ఏమీ చెప్పుకోదు. షిపిబో స్త్రీలు తమ కేనే రేఖలను బట్టల మీద చేతితో గీస్తారు, కుడతారు. ఆ రేఖలు వారికి పరంపరగా వచ్చిన విద్య. పెరూ ప్రభుత్వం 2008లో వాటిని జాతీయ సాంస్కృతిక సంపదగా ప్రకటించింది. అదే సంవత్సరం అయహువాస్కాకు సంబంధించిన సంప్రదాయ విజ్ఞానానికీ ఆ గౌరవం ఇచ్చింది. అట్టి విద్యను తీసుకొని, గీసినవారిని వదలి, రేఖలను మాత్రం తెరనిండా తిప్పితే అది అచ్చుమిల్లు పని అవుతుంది. తెరమీద ఆ అల్లికలు చూచినవారు వాటిని వెదుక్కొంటూ ఇకితోస్ నగరానికి విమానాలలో దిగుతున్నారు. వారికి కావలసినది చికిత్స కాదు, చూచిన బొమ్మ. వచ్చినవాని డబ్బుకు తగిన బొమ్మ చూపవలసిన భారం అక్కడి వైద్యుని మీద పడుతున్నది. చలనచిత్రపు అసత్యానికి మూల్యం చెల్లించే మొదటివారు వీరు.

భారతీయ చిత్రాలు ఈ దోషం చేయలేదు, మరొకటి చేసినవి. హిందీ చిత్రాలలో భంగు త్రాగినవానికి ఏ దర్శనమూ కలగదు, స్వేచ్ఛ కలుగుతుంది. 1974లో వచ్చిన 'ఆప్ కీ కసమ్'లో శివాలయం ముంగిట నాయికానాయకులు భంగు మీద ఆడిపాడుతారు. మామూలుగా బయటపడరాని చనువు ఆకు పేరిట బయటపడి, పాట ముగియగానే క్షమింపబడుతుంది. శివరాత్రినాడు గిన్నెడు భంగును ప్రసాదంగా పుచ్చుకొని, మూల కూర్చొని, మనుమలకు ఏదో కథ చెప్పే ముసలివాడు ఈ చిత్రాలలో కనబడడు. అతని కథ విననివారు ఆకును అల్లరికి అనుమతిపత్రంగా మార్చుకొన్నారు. హోలీనాడు ఆ అనుమతి ఎంతదూరం పోతుందో వీధిలో నడిచే ఆడపిల్లలకు తెలుసు.

అయినా ఈ సరుకులోనే ఒక సత్యమైన ఘట్టం ఉన్నది. 1981లో యశ్ చోప్రా తీసిన 'సిల్సిలా'లో హోలీ పాట అది. భంగు త్రాగిన నాయకుడు, తన భార్య ఎదుటనే, మరొకని భార్యతో తన పాత ప్రేమను దాచకుండా ఆడుతాడు. కెమెరా అతని తలలోకి చొరబడదు. ఆ ఆటను చూస్తూ కూర్చున్న ఇద్దరి ముఖాలను చూపుతుంది. ఒకరు భార్య, మరొకరు ఆ రెండవ స్త్రీ భర్త. భర్త వేషం వేసినవాడు సంజీవ్ కుమార్. అతడు సూరతు జరీవాలాల బిడ్డ. అసలు పేరు హరిహర్ జేఠాలాల్ జరీవాలా. అసలు జరీకి, నకిలీ జరీకి మెరుపులో తేడా కొత్తలో తెలియదని, కాలం గడిచిన తరువాత తెలుస్తుందని ఆ వృత్తివారు ఎరుగుదురు. ఆ ఘట్టంలో అతడు పాడడు, ఆడడు, పెద్దగా మాట్లాడడు. నవ్వబోయి ఆగిపోయిన ఆ ముఖంలో, ఆకు వేరొకనిచేత ఏమి చెప్పించిందో అంతా వ్రాసి ఉన్నది. మెరుపంతా మాసిన ఇన్నేళ్ళ తరువాత కూడా ఆ ముఖం నిలిచి ఉన్నది.

చలనచిత్రం కంటికి సంబంధించిన కళ కదా, దర్శనాన్ని అది చూపక మరేది చూపుతుందని కొందరు వాదిస్తారు. వాదం బలమైనదే. దీనికి సమాధానం 2015లో కొలంబియా దర్శకుడు సీరో గెర్రా తీసిన 'సర్పాలింగనం' అనే చిత్రంలో కలదు. అమెజాన్ నదీ ప్రాంతంలో తిరిగిన కోహ్-గ్రూన్‌బెర్గ్, షుల్టెస్ అనే ఇద్దరు పరిశోధకుల రచనలను ఆధారం చేసుకొన్న ఆ చిత్రం దాదాపు పూర్తిగా నలుపు తెలుపులలో నడుస్తుంది. రబ్బరు దొరల క్రౌర్యం, మతప్రచారకుల కొరడా, తన జాతిలో ఒంటరిగా మిగిలిన వైద్యుని మతిమరపు అన్నీ గడచిన తరువాత, చివర కొద్దిసేపు మాత్రం రంగులు వస్తాయి. ఆ రంగులు ఆ వైద్యుని జీవితం మీద కట్టిన వెల. అందుకే అవి కొద్దిసేపే ఉన్నా చాలినవి. అందులోని మొక్క పేరు సైతం కల్పితం. నిజమైన మొక్కకు ప్రచారపత్రం కాకూడదనే జాగ్రత్త అక్కడ ఫలించింది. కంటికి సంబంధించిన కళకు, ఎప్పుడు చూపరాదో తెలిసి ఉండడం కూడా ఒక ధర్మమే.

ఇట్టి దృశ్యాలను నిషేధించమనేవారు వేరొక దారిని పోతున్నారు. 1952 నాటి చలనచిత్రాల చట్టం క్రింద 1991లో జారీ అయిన మార్గదర్శకాలు మాదకద్రవ్యాల వ్యసనాన్ని ఆకర్షణీయం చేసే దృశ్యాలు కూడదన్నవి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం గంజాయి పూతకొమ్మలను నిషేధించి, విడి ఆకును ఆ నిర్వచనం వెలుపల ఉంచింది. చట్టం ఆకునూ పువ్వునూ విడదీయగలదు. సత్యాన్నీ అసత్యాన్నీ విడదీయలేదు. కత్తెర పడితే అబద్ధపు దర్శనంతోబాటు సంజీవ్ కుమార్ ముఖం కూడా తెగిపోతుంది. ఆ వివేకం దర్శకునిలో ఉండవలెను, ప్రేక్షకునిలో ఉండవలెను.

బహదూర్ షా కథ ఇంకా తెరకెక్కవలసియే ఉన్నది. దానికి అడవులు, చిలుకలు అక్కరలేదు. ఒక గది, ఒక దీపం, ఇద్దరు మనుషులు, వారి నడుమ మాటలను ఈ భాషనుండి ఆ భాషకు చేరవేసే దుబాసి చాలు. సుల్తాను తాను రాత్రి బ్రెజిలు వెళ్ళి వచ్చినానంటాడు. దుబాసి ఆ మాటను పోర్చుగీసులోకి మార్చబోయి ఒక్క క్షణం తటపటాయిస్తాడు. ఆ క్షణాన్ని తెరమీద నిలుపగల దర్శకుడు సూరతులో పుట్టినా, మరెక్కడ పుట్టినా, ఇంతవరకు రంగులు పోసినవారందరి కంటె ఆ ఆకును గురించి ఎక్కువ చెప్పినవాడవుతాడు.