పెద్ద ప్లాన్ అంటగట్టే ముందు లాగ్ చూపించండి

"మీ సైటుకి జనం పెరిగారు సార్. ప్రాసెసర్ వాడకం పరిమితి దాటుతోంది. పెద్ద ప్లాన్‌కి మారండి." తెలుగు కథల పత్రిక నడుపుతున్న ఒక రిటైర్డ్ మాస్టారికి ఆయన హోస్టింగ్ కంపెనీ పోయిన నెల చెప్పిన మాట ఇది. మాస్టారు పొంగిపోయారు. పెన్షన్‌లోంచి రెట్టింపు చందా కట్టడానికి సిద్ధపడి నాకు ఫోన్ చేశారు. కథలు చదివేవాళ్లు పెరిగారని ఆయన సంబరపడుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

ఎందుకంటే వచ్చినవాళ్లలో మనుషులు బహు కొద్దిమంది. ఆ సంగతి తెలుసుకోవడం బ్రహ్మవిద్య కాదు. సీప్యానెల్‌లో రా యాక్సెస్ అన్నచోట నొక్కితే లాగ్ ఫైలు దిగుతుంది. మాస్టారి కథల పేర్లన్నీ తెలుగులోనే ఉంటాయి కాబట్టి వాటిని అందులో పోల్చుకోవడం తేలిక. తెలుగు అక్షరం ఏదైనా అక్కడ శాతం గుర్తు, ఈ, సున్నా అనే మొదలవుతుంది. ఒక్కో అక్షరానికీ, ఒక్కో గుణింతపు గుర్తుకీ మూడేసి బైట్లు, అంటే చిరునామాలో తొమ్మిదేసి సంకేతాలు.    

మాస్టారి లాగ్‌లో ఆ శాతం గుర్తుల వరసలు వెతుక్కోవాల్సి వచ్చింది. మిగతాదాంట్లో ఎక్కువ భాగం రాత్రి రెండు గంటలప్పుడు, ఒకే చిరునామా నుంచి, ఎక్స్‌ఎమ్‌ఎల్‌ఆర్‌పీసీ అనే ఒకే ఫైలు మీద, సెకనుకి నాలుగైదు చొప్పున పడ్డ పోస్ట్ రిక్వెస్టులు. పేజీల కొద్దీ అవే. పాస్‌వర్డ్ ఊహించే ప్రోగ్రాం పని అది. ఒక్కో ప్రయత్నానికీ సైటుని నడిపే వర్డ్‌ప్రెస్ మొత్తం నిద్రలేవాలి, ప్లగిన్లన్నీ ఎక్కించుకోవాలి, డేటాబేసుని అడగాలి. యూజర్ పేరు నిజమైనదే అయితే పాస్‌వర్డ్‌ని కూడా సరిచూడాలి. దొంగకి కష్టం కావాలనే ఆ లెక్కని బరువుగా పెట్టారు. ఆ బరువు మోసేది మాస్టారి ఖాతాలోని ప్రాసెసర్. తర్వాత వెతుకు పెట్టె. అందులో చెత్త మాటలు కుక్కే బాట్లు వేరే ఉన్నాయి. వర్డ్‌ప్రెస్ వెతుకులాట మాటకి ముందూ వెనకా ఏముందన్నది చూడదు కనక ఇండెక్సు అక్కరకి రాదు. ప్రతిసారీ పోస్టుల టేబుల్ ఆ కొస నుంచి ఈ కొసకి చదవాల్సిందే.

ఇప్పుడు ఆ కంపెనీ వైద్యం చూడండి. షేర్డ్ హోస్టింగ్‌లో చాలాచోట్ల క్లౌడ్‌లినక్స్ ఉంటుంది. అందులో ప్రతి ఖాతాకీ ఇంత వేగం అని కట్టు. 100 శాతం అంటే ఒక కోర్. అది దాటితే సైటుని చంపరు, నెమ్మదిస్తారు. నెమ్మదించిన కొద్దీ ఒక్కో రిక్వెస్టుకీ ఎక్కువ సేపు పడుతుంది, వెనకవి పేరుకుంటాయి, ఒకేసారి నడవాల్సినవాటి సంఖ్య హద్దు దాటుతుంది. అప్పుడు పాఠకుడికి 508 అనే పొరపాటు పేజీ. సరే, పెద్ద ప్లాన్ కొన్నాం, రెండు కోర్లు ఇచ్చారు. పాస్‌వర్డ్ ప్రోగ్రాం ఏం చేస్తుంది? జవాబు రాగానే తర్వాతి పాస్‌వర్డ్ వేసి చూస్తుంది. జవాబు రెట్టింపు వేగంగా వస్తే రెట్టింపు ప్రయత్నాలు చేస్తుంది. మాస్టారు కట్టే అదనపు డబ్బు దొంగ వేగం పెంచడానికి! కుళాయి కారుతోందని చెబితే పెద్ద ట్యాంకు కట్టించుకోమన్నట్టుంది.

ఈ మాట నాకు ఒక్క కంపెనీ దగ్గరే ఎదురైతే ఊరుకునేవాణ్ణి. వర్క్‌షాపుల్లో పాఠాలు చెప్పేవాళ్లు, సైట్లు కట్టిచ్చే కుర్రాళ్లు, అందరి నోటా ఇదే పాట. ప్రాసెసర్ ఎక్కువ వాడుతున్నావంటే నీ సైటు ఎదిగిందట. ఎవరు వాడారని అడిగే నాథుడు లేడు. కాష్ ప్లగిన్ పెట్టుకోమంటారు ఇంకొందరు. పోస్ట్ రిక్వెస్టుకి కాష్ ఏం చేస్తుంది? పాత పీహెచ్‌పీ మార్చమంటారు. అది మంచి మాటే, 5.6 నుంచి 7కి వెళ్లినవాళ్లకి పెద్ద తేడానే కనిపించింది. కానీ మాస్టారిది ఎప్పుడో మార్చాం.

లోడ్ యావరేజ్ చూపించి భయపెట్టడం మరొకటి. లినక్స్‌లో ఆ అంకె ప్రాసెసర్ ఒక్కదానిదే కాదు. 1993 నుంచీ డిస్కు కోసం ఎదురుచూసే పనుల్నీ అందులో కలుపుతున్నారు. పక్క ఖాతావాడు బ్యాకప్ తీస్తుంటే డిస్కు నలిగి ఆ అంకె పెరగొచ్చు. టాప్ కమాండు తెరిస్తే డిస్కు నిరీక్షణ ఎంతో పై వరసల్లోనే ఉంటుంది. చూడటానికి ఓపిక కావాలి.

సీప్యానెల్ 2019లో ఖాతాల లెక్కన లైసెన్సు ధర పెట్టాక హోస్టింగ్ కంపెనీల ఖర్చు పెరిగిన మాట నిజం. ఆ భారం మోయలేకపోతే చందా పెంచుతున్నామని నేరుగా చెప్పండి. నీ కథలు జనానికి నచ్చాయని ముసలాయనకి అబద్ధం చెప్పి వసూలు చేయడమేమిటి?

మాస్టారి సైటుకి చేసిందల్లా హెచ్‌టీయాక్సెస్ ఫైలులో నాలుగు వరసలు రాయడం. వాటితో ఎక్స్‌ఎమ్‌ఎల్‌ఆర్‌పీసీ ఫైలుకి వచ్చే రిక్వెస్టుల్ని పీహెచ్‌పీ లేవకముందే అపాచీ వెనక్కి కొడుతుంది. ఆ ఫైలు అవసరమయ్యే జెట్‌ప్యాక్ లాంటివి వాడేవాళ్లు ఆలోచించుకోవాలి, మాస్టారికి వాటితో పనిలేదు. వాడకం గ్రాఫు ఆ పూటే దిగింది. ఈ నాలుగు వరసలు కంపెనీవాళ్లకి తెలియవా? సర్వర్ మొత్తానికీ కలిపి వాళ్లే అడ్డుకట్ట వేయొచ్చు. వేస్తే పెద్ద ప్లాన్ ఎలా అమ్ముడుపోతుంది?

పరిమితి దాటావని నోటీసు పంపే ప్రతి కంపెనీ, ఏ ఫైలు మీద, ఏ చిరునామా నుంచి, ఎన్ని రిక్వెస్టులు వచ్చాయో అదే నోటీసులో రాయాలి. లెక్క వాళ్ల దగ్గరే ఉంది. వాళ్ల చేత ఎవరు రాయించాలో, ఎలా రాయించాలో వాడకందార్లమంతా కూర్చుని తేల్చుకోవాలి. ఈలోగా సీప్యానెల్‌లో రా యాక్సెస్ పేజీకి వెళ్లి, లాగ్‌లు మన హోమ్ ఫోల్డర్‌లో దాచే గడికి టిక్కు పెట్టండి. కిందటి నెలవి చెరిపేసే గడికి టిక్కు తీసేయండి. కంపెనీ నుంచి నోటీసు వచ్చిన రోజున పాత లాగ్ మీ దగ్గర ఉండాలి.