అవసరమెంతో అద్దె అంత

పిల్లలూ! రెండేళ్ళకొకసారి మాఘమాసంలో మేడారంలో సమ్మక్క–సారలమ్మ జాతర జరుగుతుందని మీకు తెలుసు. 2024 ఫిబ్రవరిలో జరిగిన జాతరకు 6,000 ప్రత్యేక బస్సులు నడుపుతామని ఆర్టీసీవారు ప్రకటించారు. జాతర అయిపోయాక ఆ బస్సులన్నీ ఎక్కడికి పోతాయి? ఏ డిపో బస్సు ఆ డిపోకే తిరిగి పోతుంది. ఆ నాలుగు రోజుల కోసమే అన్ని బస్సులు కొత్తగా కొని, మళ్ళీ జాతర వచ్చేదాకా ఊరికే నిలబెడితే ఏ సంస్థ అయినా నిలుస్తుందా? నిలవదు.

కంప్యూటర్ల విషయంలోనూ ఇదే చిక్కు ఉన్నది. మీ అన్నలూ అక్కలూ "క్లౌడ్" అనే మాట అంటుండగా వినే ఉంటారు. క్లౌడ్ అంటే మబ్బు. పేరుకు మబ్బేగాని, అది ఆకాశంలో లేదు. పెద్ద పెద్ద భవనాలలో వేలకొద్ది కంప్యూటర్లను వరుసలుగా పేర్చి, వాటికి రాత్రింబగళ్ళు కరెంటూ చల్లదనమూ అందిస్తూ, కావలసినవారికి ఇంటర్నెట్ ద్వారా అద్దెకిస్తారు. అదే క్లౌడ్. అమెజాన్ సంస్థ 2006లోనే కంప్యూటర్లను గంటల లెక్కన అద్దెకివ్వడం మొదలుపెట్టింది. 2022 నవంబరులో మన హైదరాబాదులో కూడా అటువంటి కేంద్రాలను ప్రారంభించింది.

ఈ అద్దెలో ఒక కిటుకున్నది. వెనుకటి రోజుల్లో సైకిలు షాపులో గంటకింత అని సైకిలు అద్దెకిచ్చేవారు. దాన్ని తొక్కినా గంటే, చెట్టుకింద నిలబెట్టినా గంటే. క్లౌడ్‌లో కూడా అంతే. కంప్యూటరు పని చేసినా, పని లేక ఊరుకున్నా, ఆపకుండా ఉంచినంతసేపూ అద్దె పెరుగుతూనే ఉంటుంది.

కాగితం, పెన్సిలు తీసుకోండి. ఒక ఆఫీసువారు గంటకు 10 రూపాయల చొప్పున ఒక కంప్యూటరు అద్దెకు తీసుకున్నారనుకుందాం. రోజుకు 24 గంటలు, 30 రోజులు అంటే 720 గంటలు. అద్దె 7,200 రూపాయలు. కాని ఆ ఆఫీసులో పని రోజుకు 10 గంటలు, నెలకు 26 రోజులే. అంటే 260 గంటలు. రాత్రిళ్ళూ సెలవురోజులూ ఆపివేస్తే అద్దె 2,600 రూపాయలే అవుతుంది.

ఇంకొక మెట్టు ఎక్కుదాం. ఆ కంప్యూటరు శక్తిలో ఎంత వాడుతున్నారో కొన్ని వారాలపాటు కొలిచి చూచారు. ఎంత పని ఉన్నప్పుడైనా మూడోవంతు మించలేదు. అప్పుడు సగం శక్తిగల కంప్యూటరుకు మారవచ్చు. దాని అద్దె కూడా సగమే అనుకుంటే, 1,300 రూపాయలతో పని జరిగిపోతుంది! పనిలో ఏ లోటూ రాలేదు. ఒక్క జాగ్రత్త: కంప్యూటరు ఆపినా, సమాచారం దాచిన డిస్కుకు అద్దె పడుతూనే ఉంటుంది. అక్కరలేని డిస్కులను వెదికి తీసివేయాలి.

ఇక ఏడాది పొడుగునా తప్పక కావలసిన కంప్యూటర్ల మాట. వాటికి ఒక ఏడాదికో మూడేళ్ళకో ముందుగా ఒప్పందం చేసుకుంటే ధర తగ్గుతుంది. మీరు బడికి పోవడానికి బస్ పాసు తీసుకోవడం వంటిదే ఇది.

అయితే, తగ్గించడం మంచిదని మరీ తగ్గించరాదు. కాళేశ్వరం, మంథని, భూపాలపల్లి దారులు కలిసే మా కాటారంలో బస్సులను చూడండి. మిట్టమధ్యాహ్నం బస్సులో సీట్లు ఖాళీ. బడివేళకు నిలబడటానికే చోటుండదు. రోజంతటికీ సగటు కట్టి చిన్న బస్సు వేస్తే, పొద్దున మీరు బడికి చేరరు. పదవ తరగతి ఫలితాలు వచ్చేరోజున కూడా ఇంతే. లక్షలమంది ఒకేసారి చూస్తారు. కంప్యూటర్లు చాలకపోతే పేజీ తెరుచుకోదు. పిల్లల గుండెలు దడదడలాడుతూనే ఉంటాయి. అందుచేత సగటును మాత్రమే గాక, రద్దీ ఎంతవరకు పోతుందో కూడా కొలవాలి. రద్దీ పెరిగినప్పుడు కంప్యూటర్లను తనంతట తానే పెంచి, తగ్గగానే తగ్గించే ఏర్పాటు క్లౌడ్‌లో ఉన్నది.

ఆ రెండవ సగాన్నే చాలామంది మరచిపోతారు. మన పొలాల్లో ఆటో స్టార్టరు ఉండేది గదా! కరెంటు రాగానే మోటారును అదే నడిపిస్తుంది. కాని మడి నిండినదో లేదో దానికి తెలియదు. 2018 జనవరి 1 నుండి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటలూ ఉచిత కరెంటు మొదలైనప్పుడు, ఆటో స్టార్టర్లను తీసివేయమని ప్రభుత్వం రైతులను కోరింది. లేకుంటే మోటార్లు ఆగకుండా నడిచి, భూగర్భజలం వృథా అవుతుంది. మొదలుపెట్టడం తెలిసి, ఆపడం తెలియని యంత్రం ఎక్కడున్నా అంతే.

ఇది డబ్బు సంగతి మాత్రమే కాదు. మా జిల్లాలోని చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్నది. బొగ్గు మండితేనే అక్కడ కరెంటు పుడుతుంది. పనిలేని కంప్యూటరు కూడా కరెంటు తాగుతూనే ఉంటుంది. దానికోసం ఎక్కడో ఒకచోట బొగ్గు కాలుతూనే ఉంటుంది.

ఈ నెల లెక్క: ఒక ఫలితాల వెబ్‌సైటుకు మామూలు రోజుల్లో 2 కంప్యూటర్లు చాలు, ఫలితాలు వచ్చే రెండు రోజులు మాత్రం 40 కావాలి. ఒక్కొక్కదానికి అద్దె గంటకు 10 రూపాయలు. 30 రోజుల నెలంతా 40 ఉంచితే ఎంత? కావలసినప్పుడే పెంచితే ఎంత? మీరే చేసి, తరువాత జవాబు చూచుకోండి. పెద్దలారా! మీరు చెప్పివేయకండి.

జవాబు: 2,88,000 రూపాయలు, 32,640 రూపాయలు.