పన్ను మిగిలింది సరే, మరి నా పొదుపేదండీ?

ఫిబ్రవరి, మార్చి నెలలొస్తే మా ఇంట్లో ఒకటే హడావిడి ఉండేది. పీపీఎఫ్ పాస్‌బుక్ ఎక్కడ, ఎల్ఐసీ రసీదు ఎక్కడ, అనాథాశ్రమం వాళ్ళిచ్చిన కాగితం ఎక్కడ అంటూ మా ఆయన బీరువా అంతా తిరగేసేవారు. ఆఫీసులో ప్రూఫులు పెట్టాలి కదా! ఈసారి ఆ గోలే లేదు. ఏమిటని అడిగితే, "కొత్త విధానంలోకి మారిపోయానుగా, ఇక అవేవీ అక్కర్లేదు. పన్ను కూడా సున్నా" అన్నారు, లాటరీ తగిలినంత సంబరంగా.

నేనూ సంబరపడ్డాను. రెండ్రోజుల తర్వాత నా పీపీఎఫ్ పాస్‌బుక్ తీసి చూస్తే, ఏడాది మొత్తానికి అందులో పడింది 500 రూపాయలు. ఖాతా ఆగిపోకుండా కట్టాల్సిన కనీస మొత్తం అన్నమాట. అంతకుముందు నెలకింతని వేసేవారు. "పన్నులో మినహాయింపు లేనప్పుడు దాంట్లో వేసి ఏం లాభం?" అని ఆయన వాదన.

లెక్క ప్రకారం ఆయన మాట తప్పేం కాదు. 2025-26లో జీతం 12,75,000 ఉన్నవాళ్ళకి, 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోగా, కొత్త విధానంలో పన్ను లేదు. అదే పాత విధానంలో 80సీ కింద లక్షన్నర, ఎన్‌పీఎస్‌లో అదనంగా 50,000, ఆరోగ్య బీమా 25,000 చూపించినా, సెస్‌తో కలిపి 1,17,000 కట్టాలి. ఎవరైనా కొత్తదే ఎంచుకుంటారు. నేనైనా అదే ఎంచుకుంటాను.

నా గొడవ పన్ను గురించి కాదండీ. 80సీ అనేది మగవాళ్ళకి పన్ను తగ్గించుకునే దారి కావచ్చు. జీతం లేని మనకి మాత్రం, మన పేరు మీద నాలుగు రూపాయలు పడటానికి ఉన్న ఒకే ఒక్క వంక. భార్య పేరున ఉన్న పీపీఎఫ్‌లో వేసినా భర్తకి మినహాయింపు దొరికేది. ప్రేమతో వేశారో, పన్ను కోసం వేశారో, మొత్తానికి డబ్బు పడేది. ఇప్పుడు ఆ వంక పోయింది, దానితో డబ్బూ పోయింది.

కొత్త విధానంలో పింఛను మీద రాయితీ అసలు లేదా అంటే, ఉంది. కంపెనీ ఉద్యోగి ఎన్‌పీఎస్ ఖాతాలో వేసే సొమ్ముకి మూల వేతనంలో 14 శాతం దాకా మినహాయింపు ఉంది. కానీ ఆ ఖాతా ఆయనది. పాత విధానంలోనైనా ఎన్‌పీఎస్ మినహాయింపు సంపాదించే మనిషి సొంత ఖాతాకే. 2025 బడ్జెట్‌లో పిల్లల పేరున తెరిచే ఎన్‌పీఎస్ వాత్సల్య ఖాతాకి కూడా దాన్ని ఇచ్చారు. బావుంది, పసిపిల్లకి అరవయ్యేళ్ళప్పుడు వచ్చే పింఛను గుర్తొచ్చింది. ఆ పిల్లని పెంచుతున్న తల్లి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు!

మా అత్తయ్యగారికి మావయ్యగారి సర్కారు ఉద్యోగం వల్ల ఫ్యామిలీ పెన్షన్ వస్తోంది. కొత్త విధానంలో దాని మీద మినహాయింపు పరిమితిని 15,000 నుంచి 25,000కి పెంచారు కూడా. మరి మాలాంటి ప్రైవేటు ఉద్యోగుల భార్యలకి? ఈపీఎఫ్ పింఛనుకి జీతం ఎంతున్నా మామూలుగా 15,000 మీదే లెక్క కట్టారు. ఆ లెక్కన ముప్ఫై అయిదేళ్ళ సర్వీసున్నా నెలకి ఎనిమిది వేలు దాటదు. రిటైరయ్యాక ఆయన పోతే భార్యకొచ్చేది అందులో సగం. ఆ సగంతో మందులు కొనాలా, అద్దె కట్టాలా?

దానాల సంగతీ ఇంతే. ఏటా ఆశ్రమానికి పదివేలు ఇచ్చేవాళ్ళం. 80జీ కింద అందులో సగానికి మినహాయింపు. ఇరవై శాతం శ్లాబులో లెక్కేస్తే మాకు మిగిలేది 1,040 రూపాయలు. కొత్త విధానంలో అది లేదని ఈ ఏడు ఇవ్వడం మానేశారు. వెయ్యి రూపాయల రాయితీ పోయిందని పదివేల దానం ఆగిపోయిందంటే, ఇన్నాళ్ళూ మనం ఇచ్చింది పిల్లల కోసమా, రసీదు కోసమా? నేను పాత చీరలిచ్చినా, బియ్యం బస్తా పంపినా ఏనాడూ ఏ మినహాయింపూ లేదు. వస్తురూప దానానికి 80జీ వర్తించదు. అయినా మనం ఇవ్వడం మానలేదే!

"డబ్బు చేతికొస్తోందిగా, ఇష్టమొచ్చినట్టు దాచుకోండి, బలవంతం ఎందుకు" అంటారు కొందరు. ఎవరి చేతికండీ? జీతం పడేది ఒకరి ఖాతాలో. మా ఇంట్లో మిగిలిన ఆ డబ్బు కొత్త కారు ఈఎమ్ఐకి వెళ్ళిపోయింది. ఇది ఇష్టమొచ్చినట్టు దాచుకోవడమేనా?

ప్రభుత్వం భార్య పేరున కట్టే ఎన్‌పీఎస్‌కీ, పీపీఎఫ్‌కీ కొత్త విధానంలో మినహాయింపు ఇవ్వాలి. ఇంటి పని చేసే మనిషికి కూడా ముసలితనం వస్తుందని ఒప్పుకోవాలి. అది ఇచ్చేదాకా నేను ఆగలేదు. మా ఆయన ముందు కాగితం పెట్టి లెక్క రాశాను: మిగిలిన 1,17,000లో సగం నా పీపీఎఫ్‌కి, పదివేలు ఆశ్రమానికి, మిగతాది కారుకో, బోరుకో ఆయనిష్టం. కాసేపు గొణిగారు. తర్వాత, "సరేలే, ఏప్రిల్ అయిదులోపు వేస్తే ఆ నెల వడ్డీ కూడా వస్తుంది" అని ఆయనే అన్నారు.

మీ పాస్‌బుక్ ఒకసారి తీసి చూడండి. పోయినేడు ఎంత పడిందో, ఎందుకు పడలేదో ఇంట్లో అడగండి. అడిగితే తప్పేం లేదు. అడక్కపోతేనే తప్పు.